మూడు ట్రేలు, రెండు బకెట్లు

మా అక్క ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు డిపోలో ఫిర్యాదుల గుమాస్తాగా పనిచేసింది. రోజూ పొద్దున్నే వెళ్ళి, ఊరందరి తిట్లూ చదివి, సాయంత్రం నవ్వుకుంటూ ఇంటికి వచ్చేది. ఆ ఉద్యోగం నాకిచ్చి ఉంటే మొదటిరోజు మధ్యాహ్నానికే ఎవరో ఒకరి గుమ్మంలో నిలబడి గొడవ పెట్టుకునేవాణ్ణి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అక్క ముక్కు మీద కళ్ళజోడు తప్ప ఏమీ ఉండదు.

ఆవిడ బల్ల మీద మూడు రేకు ట్రేలు ఉండేవి. ఒకదాని మీద ‘న్యాయం’, ఇంకోదాని మీద ‘అన్యాయం’, మూడోదాని మీద ‘సగం’ అని తెల్ల రంగుతో రాసి ఉండేది. ఉత్తరం చేతికి రాగానే ముందు అడుగున సంతకం ఉన్న చోట మడత పెట్టేసేది. ఎవరన్నారో తెలిస్తే ఏమన్నారో వినబడదని ఆవిడ నమ్మకం. తర్వాత రెండుసార్లు చదివేది. మొదటిసారి చదువుతూ కోపంతో రాసిన మాటలన్నింటి కింద ఎర్ర పెన్సిలుతో గీత పెట్టేది. రెండోసారి ఆ గీతలున్నవి వదిలేసి చదివేది. మిగిలిందే ఫిర్యాదు. ఒకసారి నాలుగు పేజీల ఉత్తరం వచ్చింది. డిపో మేనేజరు మొదలుకొని టైర్ల దాకా ఎవర్నీ వదలలేదు. ఎర్ర గీతలన్నీ తీసేస్తే చివరికి ‘మూడో నంబరు బస్సులో వెనక కిటికీ మూసుకోవడం లేదు’ అన్న ముక్క మిగిలింది. కిటికీ బాగు చేయించింది. ఆ మనిషి మళ్ళీ ఉత్తరం రాయలేదు.

మా బావ ఆవిడకి దొరికింది కూడా ఆ ట్రేలలోనే. ఆయన అప్పట్లో కండక్టరు. టిక్కెట్లు కొడుతూ పాటలు పాడతాడని ఎవరో ఫిర్యాదు చేశారు. ఎటూ తేల్చుకోలేక అక్క స్వయంగా ఆ బస్సెక్కి ఆఖరి స్టాపు దాకా కూర్చుంది. తిరిగొచ్చి ఆ ఉత్తరాన్ని ‘సగం’లో వేసి పక్కన ఒక ముక్క రాసింది: ‘పాడటం తప్పు కాదు, గొంతు తప్పు.’ ఆ ముక్క చదివి బావ నేరుగా ఆవిడ గదికే వచ్చాడు. పోట్లాడదామని వచ్చినవాడు టీ తాగి వెళ్ళాడు. ఆరునెలల్లో పెళ్ళయింది. ఇప్పటికీ ఇంట్లో బావ పాట ఎత్తుకుంటే అక్క మాట్లాడకుండా ఒక వేలు గాల్లో మడిచి చూపిస్తుంది, సంతకం మడత పెట్టినట్టు.

రిటైరైనప్పుడు డిపో వాళ్ళు గోడ గడియారం ఇస్తామంటే వద్దని ఆ ట్రేలే అడిగి తెచ్చుకుంది. వాటితో ఇంట్లో ఏం చేస్తావని నేను వెక్కిరించాను. అవి నాకే పనికొస్తాయని అప్పుడు నాకేం తెలుసు.

నాకు తేనెటీగలున్నాయి. నాలాంటి తేనె మనుషులు నలభై ముగ్గురం కలిసి ఒక సంఘం పెట్టుకున్నాం. నేను దానికి సెక్రటరీని. ఎవరి తేనె వాళ్ళు బకెట్లలో తెస్తే, నేను తూచి, పరీక్ష చేసి, సీసాల్లోకి పంపిస్తాను. పోయినేడాది మా అమ్మాయి, కంప్యూటర్లు చదువుకున్నది, సంఘానికి ఒక బ్లాక్‌చెయిన్ చిట్టా తయారు చేసింది. బకెట్టు తూకం మీద పెట్టగానే బరువు దానంతటదే చిట్టాకి ఎక్కుతుంది. పరీక్ష ఫలితం నేను నొక్కుతాను. ప్రతి లైనూ అంతకు ముందు లైనుతో ముడిపడి ఉంటుంది. చిట్టా నకళ్ళు ఆరు ఇళ్ళల్లో ఆరు కంప్యూటర్లలో ఉంటాయి. సీసా మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే అది ఎవరి ఈగల పెట్టెల తేనో, పరీక్షలో ఏం తేలిందో కొనేవాళ్ళకి కనిపిస్తుంది.

అక్కకి ఇదంతా మొదటిసారి చెప్పినప్పుడు ఆవిడ చేతిలో ఊలు, సూదులు ఉన్నాయి. “అల్లికలో వెనక కన్ను ఒకటి లాగితే మొత్తం ఊడొస్తుంది చూడు, అలాగా?” అంది.

“అంతే అత్తా. కాకపోతే ఊడిందని ఆరు ఇళ్ళల్లోనూ తెలిసిపోతుంది,” అంది మా అమ్మాయి.

నేను మాత్రం ఆ చిట్టాకి డప్పు కొట్టేవాడిగా మారిపోయాను. కనిపించినవాడికల్లా అదేదో నేనే కనిపెట్టినట్టు చెప్పాను. కూతురు చేసిందన్న గర్వం. ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

అక్కడికి అంతా బాగానే ఉంది. వానాకాలం చివర్లో జోడుబకెట్ల తాత తెచ్చిన వేసవి తేనె గురించి చిట్టాలో ‘చక్కెర కలిసింది’ అని పడింది.

తాత గురించి చెప్పాలి. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. కుడి భుజం ఎత్తలేడు కాబట్టి పెద్ద బకెట్టు మోయడు. రెండు చేతులకీ రెండు చిన్న బకెట్లు, వాటి మూతల మీద పురికొసతో మూడు మెలికల ముడి. ఆ ముడి వేసిన ఆయనకే విప్పడం రావాలి, మిగతావాళ్ళం కత్తెర వెతుక్కుంటాం. అరవై ఏళ్ళుగా ఈగల్ని పెంచుతున్న మనిషి తేనెలో చక్కెర అంటే, అది మా సంఘంలో ఎవరి నోటా రాకూడని మాట. ఆ మాట చిట్టా అనేసింది. తాత పాత సీసాలు స్కాన్ చేసి కొనేవాళ్ళు కూడా చదివేశారు.

తాత నా దగ్గరికొచ్చి ఒక్కటే అడిగాడు. “అది చెరిపెయ్ సెక్రటరీ.”

“చెరపడం కుదరదు తాతా. దాని గొప్పతనమే అది,” అన్నాను నేను. ఇప్పుడు తలుచుకుంటే నా నోరు నేనే మూసుకోవాలనిపిస్తుంది.

“అయితే వచ్చే వారం ఆదివారం మీటింగు దాకా చూస్తాను. అప్పటికీ ఆ మాట అలాగే ఉంటే నా పెట్టెలన్నీ ఎవరికైనా ఇచ్చేస్తాను. దొంగ తేనె వాడిగా ఈగల దగ్గరికి వెళ్ళలేను,” అని వెళ్ళిపోయాడు. తిరిగి పంపాల్సిన సరుకని నేను మూలన పెట్టిన తన రెండు బకెట్ల వైపు కన్నెత్తి చూడలేదు.

ఆ దెబ్బతో జనానికి నోళ్ళు లేచాయి. బ్లాక్‌చెయిన్ మీద ఎవరికి ఏ అభ్యంతరం ఉన్నా రాసి వెయ్యమని గోడకి ఒక పెట్టె తగిలిస్తే, వారం తిరిగేసరికి నలభై ఒక్క ఉత్తరాలు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా అమ్మాయి ఏడాది కష్టాన్ని తిట్టడానికి వీళ్ళెవరు? అన్నీ కట్టగట్టి పొయ్యిలో పెడదామనుకున్నాను. మా అమ్మాయే ఆపింది. “అత్తని పిలుద్దాం నాన్నా. తాతగారి మాట నిజమైతే నాకు తెలియాలి కదా,” అంది. దాని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కాదనలేకపోయాను.

శుక్రవారం పొద్దున అక్క గుడ్డసంచిలో ట్రేలు పెట్టుకుని సంఘం గదికి వచ్చింది. వెనకే బావ, ఫ్లాస్కు పట్టుకుని. గదంతా మైనం వాసన. కిటికీ దగ్గర బల్ల తుడిచి ట్రేలు వరసగా పెట్టింది. అప్పటికే నేను ఉత్తరాలన్నీ ఒకటే కట్టగా కట్టి దాని మీద ‘అన్యాయం’ అని ఒక కాగితం రాసిపెట్టాను. అక్క ఆ కాగితం తీసి, వెనక ఖాళీగా ఉందని దాచుకుంది.

మొదటి ఉత్తరం: ‘ఇది ఊరికి సరిపోయే కరెంటు తాగేస్తుంది.’

“చూశావా, పచ్చి అబద్ధం!” అని లేచాను.

“కూర్చోరా. ఏం తాగుతుందో చూశావా నువ్వు?”

చూడలేదు. ఆరు కంప్యూటర్లలో ఒకటి మా ఇంట్లోనే, అలమారలో ఉంది. అక్క నన్ను మీటరు ముందు స్టూలు వేసి కూర్చోబెట్టి, ఇంట్లో మిగతావన్నీ ఆపేయించి, గంటసేపు అంకెలు రాయించింది. మా పాత ఫ్రిజ్జు తినేదాంట్లో సగం కూడా లేదు. నేను గెలిచినట్టు వచ్చి చెబితే, ఆవిడ మా అమ్మాయిని అడిగింది. “మరి జనం ఊరికే అంటారా?”

“ఊరికే కాదత్తా. కొన్ని బ్లాక్‌చెయిన్లు నిజంగానే అంత తాగుతాయి. లెక్క ముందు ఎవరు తేలిస్తే వాళ్ళకి బహుమతి అని అక్కడ వేలకొద్దీ యంత్రాలు పోటీ పడతాయి. మన దాంట్లో పోటీ లేదు. ఆరుగురూ తెలిసినవాళ్ళే.”

“అయితే ఉత్తరం మంచిదే, చిరునామా తప్పు,” అని అక్క ‘అన్యాయం’లో వేసింది. కానీ మీటరు అంకెలు పక్కన రాసి మరీ వేసింది.

ఇంకొకరు ఇది జూదమని, తమ బావమరిది దీంట్లోనే మునిగిపోయాడని రాశారు. అక్క అది రెండుసార్లు కాదు, మూడుసార్లు చదివింది. మా చిట్టాలో కొనడానికీ అమ్మడానికీ ఏ డిజిటల్ నాణెమూ లేదు, కాబట్టి అది కూడా చిరునామా తప్పిన ఉత్తరమే. కానీ ఆవిడ సంఘం గోడ మీద నేను అంటించిన కాగితం వైపు చూసింది. ‘ప్రపంచాన్నే మార్చే విప్లవం’ అని రాసి ఉంది అందులో. “ఇలాంటి మాటలు విని కదరా పాపం వాళ్ళ బావమరిది మునిగింది,” అంది. నేను వెళ్ళి కాగితం పీకేశాను. టేపు రాలేదు, గోడ సున్నం వచ్చింది.

ఒక ఉత్తరం దగ్గర మా అమ్మాయి ముఖం మాడిపోయింది. ‘ఆరు ఇళ్ళల్లో ఆరు నకళ్ళంటారు. ఆరింటి తాళాలూ ఒక్క పిల్ల దగ్గరే ఉంటే అవి ఆరెలా అవుతాయి?’

“నిజమేనా?” అంది అక్క.

“నిజమే. మిగతావాళ్ళకి పాస్‌వర్డులు గుర్తుండవని నేనే ఉంచుకున్నాను. సాయం చేస్తున్నాననుకున్నాను అత్తా.”

“నువ్వు మంచిదానివే. ఉత్తరమూ మంచిదే,” అని అక్క దాన్ని ‘న్యాయం’లో వేసి, మేనకోడలి వీపు తట్టింది. మా అమ్మాయి అక్కడికక్కడే మిగతా అయిదుగురికీ ఫోన్లు చేసి రమ్మంది. నాకు కోపం రావాల్సింది, రాలేదు. దాని గొంతు తేలికపడటం విన్నాను.

అక్క ఎక్కువసేపు పట్టుకు కూర్చున్నది ఒకే ఒక్క లైను ఉన్న ఉత్తరం: ‘దీనికో నోటుపుస్తకం చాలదా?’ ఎర్ర పెన్సిలు పెట్టడానికి ఒక్క మాట లేదు అందులో. బావ పోసిన టీ చల్లారిపోయింది. చివరికి అంది: “మనలో మనకైతే చాలు. కానీ సీసా కొనేవాళ్ళు మన ముఖాలు చూడలేదు. పుస్తకం ఒకరి చేతిలోనే ఉంటుంది, ఆ ఒకరూ రబ్బరు పట్టుకుంటే ఎవరికీ తెలీదు.” ఆ ‘ఒకరు’ అన్నప్పుడు ఆవిడ నన్నెందుకు చూసిందో నాకు నచ్చలేదు. ఉత్తరం ‘సగం’లోకి వెళ్ళింది.

శనివారం ఆఖరున తాత ఉత్తరం మిగిలింది. ‘ఆ యంత్రం అబద్ధం చెప్తోంది. నా తేనెలో చక్కెర లేదు. చెరపండి.’

“మడత పెట్టినా ఎవరిదో తెలుస్తూనే ఉంది కదక్కా,” అన్నాను.

“తెలిసినా మడత పెట్టు.”

“ఇది మాత్రం అన్యాయమే. యంత్రం అబద్ధం చెప్పదు. మనం రాసింది దాచి పెడుతుందంతే. తాత అంటే నాకూ గౌరవమే, కానీ పరీక్ష చేసింది స్వయంగా నేను. రెండు చుక్కల మందు వెయ్యగానే గొట్టంలో ఎర్రగా వచ్చింది. నా కళ్ళతో చూశాను.”

“రాసింది దాచి పెడుతుంది,” అని అక్క ఆ మాట నెమ్మదిగా మళ్ళీ అంది. “మరి రాసేవాడి చెయ్యి?”

“అంటే నేను తప్పు రాశాననా?” గొంతు పెరిగింది నాది. బావ ఫ్లాస్కు మూత బిగించుకున్నాడు.

అక్క లేచి, మూలన ఉన్న తాత బకెట్ల దగ్గరికి వెళ్ళింది. కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది. రెండు వారాలుగా నేను రోజుకి పదిసార్లు వాటి పక్కనుంచే నడిచాను.

“తమ్ముడూ, ఈ ముళ్ళు ఎవరు వేశారు?”

“తాతే. ఆయన తప్ప ఇంకెవరూ వెయ్యలేరు.”

“పరీక్ష చేశాక ఆయనొచ్చి మళ్ళీ వేశాడా?”

“లేదు. వాటిని ముట్టుకోలేదు ఆయన.”

“అయితే మూత తియ్యకుండా తేనె ఎలా పరీక్ష చేశావురా?”

మా అమ్మాయి ఒక్క ఉరుకున కంప్యూటరు దగ్గరికి వెళ్ళి చిట్టాలో ఆ రోజు లైను తీసింది. తూకం తనంతట తానే రాసుకున్న అంకె అక్కడుంది. “ఒక బకెట్టు. పందొమ్మిది కిలోలు,” అని చదివింది. జోడుబకెట్ల తాత పేరు మీద ఒక బకెట్టు! పేరులోనే ఉన్నది కూడా నా బుర్రకి ఎక్కలేదు. ఆయన బకెట్టు ఒక్కోటి ఏడు కిలోలకి మించదు.

పందొమ్మిది కిలోల బకెట్టు ఎవరిదో అప్పుడు గుర్తొచ్చింది. వానాకాలంలో పువ్వులుండవు కాబట్టి మేమందరం ఈగలకి చక్కెర పాకం కాచి పెడతాం. ఆ రోజు నేను కాచిన పాకం కాస్త మాడి, అచ్చం తేనె రంగుకి తిరిగింది. ఇంటికి తీసుకెళదామని పెద్ద బకెట్లో పోసి తూకం పక్కనే పెట్టాను. అదే సమయానికి బయటినుంచి ఒక దుకాణం ఆయన వచ్చాడు. ‘ఈ చిట్టాలో తప్పు జరగడానికి వీల్లేదండీ’ అని ఆయనకి వర్ణించి చెబుతూ, ఆయన ముఖం చూస్తూ, తాత పేరు నొక్కి, ఆయన బకెట్లకి బదులు ఆ పాకం బకెట్టే తూకం మీదికి ఎక్కించి, అందులోనే గొట్టం ముంచాను. సాయంత్రం ఆ పాకం తీసుకెళ్ళి నా ఈగలకి పెట్టేశాను. అవి సంతోషంగా తాగాయి.

“అది నా పాకం,” అన్నాను. కుర్చీలో కూలబడ్డాను. అంత సిగ్గు నేను జన్మలో పడలేదు.

అక్క తిడుతుందనుకున్నాను. ఆవిడ ముందు పెదవులు బిగించింది, తర్వాత భుజాలు కదిలాయి, తర్వాత ముగ్గురూ ఒకేసారి పగలబడి నవ్వారు. బావ అయితే ఫ్లాస్కు పక్కన పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. “ఏదిరా, ఏమన్నావు ఆ దుకాణం ఆయనతో? ఇంకోసారి అను!” అంటాడు. నాకూ నవ్వొచ్చింది, కానీ తాత ముఖం గుర్తొచ్చి ఆగిపోయింది.

“ఇప్పుడు నయమేంటంటే నాన్నా,” అంది మా అమ్మాయి, “చెరిపే వీలుంటే ఆ పందొమ్మిది కూడా పోయేది. నీ తప్పని మనకి ఎప్పటికీ తెలిసేది కాదు.”

ఆదివారం పొద్దున మీటింగుకి అందరూ వచ్చారు. తాత గోడవారగా, తలుపుకి దగ్గరగా కూర్చున్నాడు, ఎప్పుడైనా లేచిపోవడానికన్నట్టు. నేను నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఎవరూ నవ్వలేదు. అదే ఎక్కువ బాధగా అనిపించింది. తర్వాత బకెట్లు ముందుకి తెచ్చి, ముళ్ళు విప్పమని తాతనే అడిగాను. రెండు గొట్టాల్లో తేనె వేసి, అందరి ముందూ మందు చుక్కలు వేశాను. ఎర్రగా మారలేదు. మేలిమి బంగారంలా అలాగే ఉంది. గదిలో ఒక్కసారిగా చప్పట్లు.

తాత మాత్రం కదల్లేదు. “మరి ఆ పాత మాట?”

“అది పోదు తాతగారూ,” అంది మా అమ్మాయి, లేచి నిలబడి. “మీ ఉత్తరంలో న్యాయం ఉంది. ఈ చిట్టా నిజాన్ని ఎంత భద్రంగా దాస్తుందో అబద్ధాన్నీ అంతే భద్రంగా దాస్తుంది. దానికి రుచి తెలీదు. ఆ సంగతి ముందే అందరికీ చెప్పకపోవడం నా తప్పు. ఇకనుంచి పరీక్ష దగ్గర ఇద్దరుంటారు, బకెట్టు తెచ్చినవాళ్ళు ఒకరు. సీసా స్కాన్ చేస్తే దిద్దిన మాటే ముందు కనిపించేలా మార్చాను. పాతది దాని కింద ఉంటుంది.”

నేను కంప్యూటరు ముందు కూర్చుని టైపు చేశాను: ‘కింది మాట తప్పు. ఆ రోజు పరీక్ష చేసింది తాత తేనె కాదు, నేను మాడబెట్టిన చక్కెర పాకం. తాత తేనెలో చక్కెర లేదు. తప్పు నాది. సెక్రటరీ.’

“ఇంకోసారి చదువుకో నాన్నా. నొక్కాక తియ్యలేవు,” అంది మా అమ్మాయి, చిన్నగా.

“తెలుసమ్మా,” అని నొక్కాను. నా తప్పు ఆరు ఇళ్ళకి చేరిపోయింది.

తాత నా వైపు తిరిగాడు. “ఒకటి అడుగుతాను, నిజం చెప్పు సెక్రటరీ. చెరిపే వీలుంటే ఏం చేసేవాడివి?”

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. “గుట్టుగా చెరిపేసి, ఏమీ ఎరగనట్టు ఊరుకునేవాణ్ణి తాతా.”

తాత తల వెనక్కి వాల్చి నవ్వడం మొదలుపెట్టాడు. అది చూసి గదంతా నవ్వింది. “అయితే ఉండనీ,” అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. “రెండూ ఉండనీ. చెరపొద్దు. జనం చదువుకోనీ.”

అక్క ఆయన ఉత్తరం చేతిలోకి తీసుకుంది. అందరూ చూస్తుండగా సంతకం మడత విప్పి, ‘సగం’లో వేసింది. “యంత్రం అబద్ధం చెప్తోందన్నది న్యాయం బాబాయ్. చెరపమన్నది మీరే వద్దన్నారు,” అంది. తాత చేతులు జోడించాడు. అక్క ఆయన చేతులు పట్టుకుని కిందికి దించింది.

చిట్టా ఉండాలా వద్దా అని చేతులెత్తమంటే ముప్పై ఆరు చేతులు లేచాయి, అందులో ఒకటి తాత ఎడమ చెయ్యి. ఎత్తని ఏడుగురికీ కారణాలున్నాయి. అక్క అవి కూడా రాసిపెట్టుకుంది. ఆ నోటుపుస్తకం ఉత్తరం రాసింది ఎవరో ఇప్పటికీ చెప్పదు. బావ అయితే ఆ మాట ఎత్తగానే కిటికీలోంచి బయటికి చూస్తాడు.

మా సీసాలన్నింటిలో జనం ఎక్కువగా చదివేది ఇప్పుడు నా లైనే. బజారులో తెలియనివాళ్ళు కూడా ‘పాకం సెక్రటరీ మీరేనా’ అని పలకరిస్తారు. పోయినవారం గోడపెట్టెలో ఒక ఉత్తరం వచ్చింది: ‘ఈ మనిషి చేతికి ఇంకా పరీక్ష గొట్టం ఎందుకిస్తున్నారు?’ నేనే మడత పెట్టాను. రెండుసార్లు చదివాను. ఎర్ర గీత పెట్టడానికి ఏమీ దొరకలేదు. ‘న్యాయం’లో వేశాను.

నిన్న కొత్త పంట మొదలైంది. అందరికంటే ముందు వచ్చింది తాతే. రెండు చేతులకీ రెండు బకెట్లు, మూతల మీద మూడు మెలికల ముళ్ళు. తూకం మీద పెట్టి, చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు.

“ఏం సెక్రటరీ,” అన్నాడు, “మూత తియ్యమంటావా, పోయినసారిలాగా తియ్యకుండానే పరీక్ష చేస్తావా?”